జ్వరం తగ్గిన రోజు

ఫోన్ మోగేసరికి నాంచారమ్మ ఇసుక మీద పరిచిన పాత వలల దగ్గర గొంతుక్కూర్చుని నెత్తళ్ల చేపలు తిరగేస్తోంది. ఆ పూట ఎండ బాగా కాసింది. మళ్లీ మబ్బు పట్టేలోపు ఎండినవి ఎత్తి గంపలో పోసుకోవాలి. చేతులకున్న ఉప్పు కొంగుకి తుడుచుకుని, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"సాయిదుర్గ గారాండీ?" అంది అవతల ఒక ఆడపిల్ల గొంతు.

"ఆఁ, సాయిదుర్గేనండి. చెప్పండి."

అది అబద్ధమని ఆమె అనుకోలేదు. బందరులో డిగ్రీ చదువుతున్న కూతురు, హాస్టల్లో ఫోన్లు తీసి దాచేస్తారని ఎవరు నంబరు అడిగినా తల్లిదే ఇచ్చేది. సాయిదుర్గా అంటే అవుననడం, వచ్చిన కబురు పిల్లకి చేరవేయడం నాంచారమ్మకి అలవాటే.

"నా పేరు లహరి అండీ, గుడివాడ నుంచి మాట్లాడుతున్నాను. మొన్న మీ కాలేజీలో రక్తం ఇచ్చారు కదా, అప్పుడే ఇంకో చిన్న గొట్టంలోకి కూడా కాస్త తీసుకున్నాం. దోమల వల్ల వచ్చే జబ్బులు ఇదివరకు ఎంతమందికి వచ్చి పోయాయో చూస్తున్నామని చెప్పాం, గుర్తుందా? బందరు, గుడివాడ, అవనిగడ్డ, మూడు చోట్లా రక్తం ఇచ్చినవాళ్లవి పరీక్ష చేశాం. ఫలితం కావాలన్నవాళ్లకి ఫోన్లు చేస్తున్నాను."

"చెప్పండమ్మా."

"మీకు చికున్‌గున్యా రాలేదండీ. డెంగీ మాత్రం ఎప్పుడో వచ్చి పోయింది. కంగారేం లేదు. ఇప్పుడు మీ ఒంట్లో జబ్బు లేదు, మీరిచ్చిన రక్తానికీ ఏ ఇబ్బందీ లేదు. వచ్చి పోయిన ఆనవాళ్లు రక్తంలో మిగిలిపోయాయి, అంతే."

ఆ సంగతి నాంచారమ్మకి తేలిగ్గానే అర్థమైంది. చేపలన్నీ అమ్ముడైపోయి, గంప కడిగి బోర్లించినా వాసన గంపలోనే ఉంటుంది. ఆమెని భయపెట్టింది మిగతా మాటలు కాదు, కంగారేం లేదన్న మాట. ఇంటికొచ్చి ఎవరైనా ఆ మాటతో మొదలుపెట్టినప్పుడల్లా పడవ ఏదో ఒకటి తిరగబడే ఉండేది.

"ఒక్క జాగ్రత్తండీ," అంటోంది లహరి. "డెంగీలో నాలుగు రకాలుంటాయి. ఒక రకం వచ్చినవాళ్లకి ఇంకో రకం వస్తే, అందరికీ కాదుగానీ కొందరికి గట్టిగా పట్టుకుంటుంది. ఎప్పుడైనా జ్వరం వస్తే, ఇదివరకు డెంగీ వచ్చిందని డాక్టరుగారికి ముందే చెప్పండి. జ్వరం కాస్తున్నప్పటి కంటే తగ్గిన రోజే ఎక్కువ చూసుకోవాలి. తగ్గింది కదా అని ఊరుకోకూడదు. కడుపులో నొప్పి, వాంతులు, మత్తు, కాళ్లూ చేతులూ చల్లబడటం, వీటిల్లో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లిపోవాలి. అన్నట్టు, చిన్నప్పుడు ఎప్పుడైనా ఒంటి మీద ఎర్రగా లేచి జ్వరం రావడం మీకేమైనా గుర్తుందా?"

నాంచారమ్మ గుప్పిట్లో ఉన్న నెత్తళ్లు ఇసుకలోకి జారిపోయాయి.

"మా పిల్లకి జ్వరమే రాలేదండి."

"మీ పిల్లా? మీరు సాయిదుర్గ గారు కాదా?"

"వాళ్లమ్మనండి."

"అయ్యో. అమ్మాయి సంగతి అమ్మాయికే చెప్పాలండీ, ఇంకొకళ్లకి చెప్పకూడదు. నాదే పొరపాటు, సరిగ్గా అడగలేదు. తనని నాకు ఒకసారి ఫోన్ చెయ్యమంటారా? తప్పకుండా చెయ్యమనండి."

"చెప్తానండి," అంది నాంచారమ్మ.

చెప్పలేదు.

జ్వరం రాలేదన్నది ఆమె వరకూ నిజమే. వచ్చింది జ్వరం కాదు, అమ్మవారు. సాయిదుర్గ అప్పుడప్పుడే బడికి వెళ్తున్న రోజుల్లో, ఒక వానాకాలం, పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోయి, తర్వాత ఎర్రగా దద్దు లేచింది. అత్త తిరుపతమ్మ దీపం దగ్గరికి తెచ్చి చూసి, చేతులు జోడించి, "తల్లి వచ్చింది" అంది. ఆ మాట అన్నాక ఆ ఇంట్లో ఇక జ్వరం అన్న మాట నోట రాకూడదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. కూరలకి తాలింపు వెయ్యలేదు. మాత్ర మింగిస్తే ఇంటికొచ్చిన తల్లిని పొమ్మన్నట్టే కాబట్టి మాత్ర వెయ్యలేదు. వేపాకూ పసుపూ కలిపిన నీళ్లతో మూడు స్నానాలూ అయ్యి, చలిమిడీ చద్దన్నమూ నైవేద్యం పెట్టి తల్లిని సాగనంపేదాకా పిల్ల గడప దాటకూడదు.

అదే ఇంట్లో, అదే చాప మీద, ఆడపడుచు కొడుకు గణపతికీ అలాగే వచ్చింది. అమ్మమ్మ దగ్గర కొన్నాళ్లుందామని వచ్చినవాడు. సాయిదుర్గ లేచి తిరిగింది. గణపతి లేవలేదు. "తల్లి వాణ్ని తనతో తీసుకెళ్లింది. ఒళ్లో పెట్టుకుంది" అంది తిరుపతమ్మ. ఆడపడుచు ఆ తర్వాత పుట్టింటి గడప తొక్కలేదు. ఎవరు తొక్కినా తొక్కకపోయినా తిరుపతమ్మ ఆ మాటని మాత్రం వదల్లేదు. అన్నేళ్లూ ఆవిడ లేచి కూర్చుని అన్నం తిన్నది ఆ మాటని పట్టుకునే.

ఇప్పుడు సాయిదుర్గకి చెబితే, ఎప్పుడొచ్చిందమ్మా అని అడుగుతుంది. ఆ వానాకాలమేనని చెప్పాలి. ఆ వానాకాలం వచ్చింది దోమకాటు జ్వరమైతే మరి గణపతిని తీసుకెళ్లిందెవరు? అత్త వినేచోట ఆ మాట ఎత్తే ధైర్యం నాంచారమ్మకి లేదు. దానికంటే లోపల ఇంకో భయం ఉంది. తల్లిని పట్టుకుని జబ్బు అన్న ఇంటి మీదికి ఏం వస్తుందో ఆమెకి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఆ సాయంత్రం భర్త బంగార్రాజు గుమ్మం ముందు వల బాగుచేసుకుంటుంటే పక్కన చేరింది.

"మావా, డెంగీ ఒకసారొచ్చినోళ్లకి మళ్లీ వస్తదంటగా?"

"ఎవరన్నారు?"

"ఎవరో అనుకుంటుంటే విన్నా."

"మనూళ్లో దోమలు మన రక్తమే తాగి మన పిల్లల్లాగే పెరిగినయ్యి. మనల్ని ఏం చేస్తయ్యే?" అని నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి సూది ఆపాడు. "ఏంటి, ఒంట్లో బాలేదా?"

"నాకేం, బాగానే ఉన్నా."

ఆ మర్నాటి నుంచి ఆమె దోమల వెంట పడింది. ఇంటి చుట్టూ కొబ్బరి చిప్పలు ఏరి దూరంగా పారేసింది. తొట్టి మీద గుడ్డ కట్టింది. పొద్దు వాలగానే ఎండు వేపాకు పొగ పెట్టేది. ఊరికి ఒకపక్క ఏరు, ఒకపక్క రొయ్యల చెరువులు, మిగిలినచోట వరిచేలు. నీళ్లు లేనిచోటు చూపించమంటే ఎవరూ చూపించలేరు. "ఏమే, దోమలకి పెళ్లిళ్లు చేస్తున్నావా ఈ పొగలేంటి?" అని తిరుపతమ్మ కళ్లు తుడుచుకుంటూ దగ్గేది.

ఆదివారం సాయిదుర్గ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, మా క్లాసులో రక్తం ఇచ్చినోళ్లకి ఫలితాలు చెప్తున్నారంట. తేజస్వినికి డెంగీ, చికున్‌గున్యా రెండూ వచ్చిపోయినయ్యంట. దోమలకి నువ్వంటే అంత ఇష్టమేంటే అని అందరం ఏడిపిస్తున్నాం. నాకు ఫోనేమన్నా వచ్చిందా?"

నాంచారమ్మ తల తిప్పి చూసింది. పక్కనే తిరుపతమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది.

"రాలేదే."

"అయితే నాకేం లేనట్టే. నేనెప్పుడూ గట్టిపిండాన్ని," అని నవ్వి పెట్టేసింది.

ఆ నవ్వు తర్వాత చాలాసేపు నాంచారమ్మ ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుంది. లహరి నంబరు అందులోనే ఉంది. నొక్కితే పలుకుతుంది. ఈ వానలు పోనీ, చలికాలం వస్తే దోమలు తగ్గుతాయి, అప్పుడు మెల్లగా చెబుదాం అనుకుంది. వాన వచ్చే లోపల చేపలు ఎత్తుకోవడం చేతనైన మనిషే. ఈ విషయంలో మాత్రం మబ్బు చూస్తూ కూర్చుండిపోయింది.

చలికాలం దాకా ఆగలేదు. కృష్ణకి వరద వచ్చి, లంకల్లో నీళ్లు నిలిచి, మళ్లీ తీశాయి. బంగార్రాజు వేటకి వెళ్లిన రోజే సాయిదుర్గ సంచీ పట్టుకుని బస్సు దిగింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. "రెండ్రోజుల నుంచీ కళ్ల వెనకాల నొప్పమ్మా" అని చాప మీద వాలిపోయింది. నాంచారమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

దద్దు లేదు గనక తిరుపతమ్మ ఆసుపత్రికి అడ్డు చెప్పలేదు. తనూ వస్తానని బయల్దేరింది కూడా. అవనిగడ్డ ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీయించి చూసి డెంగీ అని చెప్పింది. మెత్తగా మాట్లాడే మనిషి.

"ఇదివరకెప్పుడైనా వచ్చిందామ్మా?" అని సాయిదుర్గని అడిగింది.

"లేదండి. నాకెప్పుడూ జ్వరమే రాలేదు."

డాక్టరమ్మ తల తిప్పి నాంచారమ్మ వైపు చూసింది. నాంచారమ్మ నోరు తెరిచింది. పక్కన తిరుపతమ్మ మనవరాలి జుట్టు వేళ్లతో దువ్వి ముడి వేస్తోంది. ఎన్నో ఏళ్ల కిందట గణపతి తల మీద కూడా ఆ వేళ్లు అలాగే తిరిగాయి. నాంచారమ్మ నోరు మూసుకుంది.

"సరే. ఇప్పటికైతే కణాలు బాగానే ఉన్నాయి. నీళ్లు, కొబ్బరినీళ్లు బాగా తాగించండి. జ్వరం మాత్ర తప్ప నొప్పుల బిళ్లలు వెయ్యొద్దు. ఇదే మొదటిసారి అంటున్నారు గనక ఇంటికి తీసుకెళ్లండి, రేపొకసారి తీసుకొస్తే రక్తం మళ్లీ చూస్తాను," అంది డాక్టరమ్మ.

మొదటిసారి. ఆ మాట నాంచారమ్మ చెవిలో పడి ఇల్లు చేరేదాకా గీరుతూనే ఉంది.

తెల్లారేసరికి సాయిదుర్గ చేతుల మీదా మెడ మీదా ఎర్రగా దద్దు లేచి ఉంది. తిరుపతమ్మ చూసింది. తర్వాత చేతులు జోడించి, "తల్లీ, మళ్లీ వచ్చావా" అంది.

"అత్తా, నిన్న డాక్టరమ్మ రమ్మంది కదా. రక్తం చూడాలంది."

"వాళ్లు కాయితం మీద ఏదో ఒకటి రాస్తారే. కళ్లెదురుగా తల్లి కనపడుతుంటే కాయితం దేనికి? పోయినేడు నైవేద్యం కుదర్లేదని సరిపెట్టుకున్నామా, అదిగో, అది మనసులో పెట్టుకుని వచ్చింది. గడప దాటించామా, ఇంక ఊరుకోదు."

వేపమండలు వచ్చాయి. తాలింపు ఆగిపోయింది. నాంచారమ్మ కొబ్బరినీళ్లు మాత్రం ఆపలేదు. జ్వరం మాత్ర కొంగులో దాచి తెచ్చి, అత్త పెరట్లోకి వెళ్లినప్పుడు పిల్ల నోట్లో వేసేది. వేసినప్పుడల్లా గుమ్మం వైపు చూసేది. అత్త చూస్తుందనీ భయమే, అత్త కాని ఇంకెవరో చూస్తున్నారనీ భయమే. మనసులో ఆ తల్లికే మొక్కుకునేది, నీకేం అపచారం చెయ్యట్లేదమ్మా, పిల్ల ఒళ్లు నొప్పులకి వేస్తున్నాను అని. ఆవిడకి అబద్ధం చెబుతున్నానని తెలిసి మళ్లీ లెంపలేసుకునేది.

ఆ మర్నాడు పొద్దున చెయ్యి పెట్టి చూస్తే నుదురు మామూలుగా ఉంది. చెమట పట్టి, జ్వరం విడిచింది.

"చూశావా," అంది తిరుపతమ్మ. ముఖం విప్పారింది. "తల్లి చల్లబడింది. స్నానానికి నీళ్లు ఎండలో పెట్టు. చలిమిడికి బియ్యం నానెయ్యి."

నాంచారమ్మ బియ్యం కడిగింది. చేతులు కడుగుతున్నాయి గానీ చెవులు ఇంకెక్కడో ఉన్నాయి. తగ్గిన రోజే చూసుకోవాలి. ఆ పిల్ల గొంతు పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. లోపలికి వెళ్లి చూసింది. సాయిదుర్గ గోడ వైపు తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుని ఉంది.

"సాయీ. లేచి కాసిని మజ్జిగ తాగే."

"వద్దు."

"ఏమైంది?"

"కడుపులో నొప్పిగా ఉందమ్మా. ఇక్కడ." పక్కటెముకల కింద చూపించింది. కాసేపటికి లేచి కూర్చుని, తాగిన కొబ్బరినీళ్లన్నీ కక్కేసింది. మళ్లీ పడుకుంది. పిలిస్తే ఊఁ అంటోంది గానీ కళ్లు తెరవడం లేదు.

నాంచారమ్మ పాదాలు పట్టుకుని చూసింది. బయట ఎండ మండుతోంది. ఆ పాదాలు మాత్రం ఐసు గంపలోంచి తీసిన చేపల్లా ఉన్నాయి.

ఆ చలి ఆమెకి కొత్తది కాదు. గణపతికి కూడా ఆ రోజు పొద్దున జ్వరం విడిచింది. అత్త అప్పుడూ చల్లబడిందనే అంది. వాడూ ఇలాగే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. స్నానానికి లేపుదామని పాదాలు పట్టుకున్నది నాంచారమ్మే. అప్పుడు ఆ చలి తన చేతులకి తెలిసింది. ఏమిటో తెలియలేదు. ఇప్పుడు రెండూ తెలిశాయి.

ఆటో నడిపే సాయిబాబుకి ఫోన్ చేసింది. వరసకి తమ్ముడవుతాడు. "తమ్ముడూ, ఉన్నపళంగా రా. బందరెళ్లాలి."

ఆటో గుమ్మం ముందు ఆగేసరికి తిరుపతమ్మ పెరట్లోంచి వచ్చి గడప మీద నిలబడింది. చేతిలో తడి బియ్యం.

"ఎక్కడికే?"

"ఆసుపత్రికి."

"మతుండే మాట్లాడుతున్నావా? స్నానం కాలేదు. నైవేద్యం కాలేదు. ఒంట్లో తల్లిని పెట్టుకుని పిల్లని రోడ్డెక్కిస్తావా? తగ్గిందిగా. ఇంకేం కావాలి నీకు?"

"కాళ్లు చల్లబడ్డాయి అత్తా."

"చల్లబడాలనేగా మొక్కుకున్నాం."

సాయిబాబు లోపలికి రావాలో వద్దో తెలియక వేపమండల కింద ఆగిపోయాడు. నాంచారమ్మ కూతురి చంకల కింద చేతులు వేసి లేపింది. పిల్ల తల ఆమె భుజం మీద వేలాడిపోయింది.

"అత్తా, పక్కకి జరుగు."

"జరగను. ఒకడ్ని తీసుకెళ్లింది. దీన్ని కూడా తీసుకెళ్తే నేను చూడలేను. నన్ను తొక్కి వెళ్లు."

నాంచారమ్మ అనకూడదనుకున్న మాట అప్పుడు అంది. గొంతు పెంచలేదు.

"గణపతికి కూడా జ్వరం తగ్గాకే కాళ్లు చల్లబడ్డాయి అత్తా. కడుపు పట్టుకునే ఏడ్చాడు వాడు. నీకూ గుర్తుంది, నాకూ గుర్తుంది."

జ్వరం అంది. ఆ ఇంట్లో, ఆ పేరు పక్కన, మొదటిసారి. అన్నాక ఇంటి కప్పు కూలుతుందేమోనన్నట్టు ఒక్క క్షణం ఒళ్లు బిగపట్టుకుంది.

తిరుపతమ్మ చేతిలోని బియ్యం గడప మీద రాలాయి. ఆవిడ గోడ పట్టుకుని, మెల్లగా కిందికి కూర్చుంది. దారి ఇవ్వడానికో కాదో నాంచారమ్మ ఆగి చూడలేదు. గడప దాటేసింది.

అవనిగడ్డలో ఆపమంటావా అని సాయిబాబు అడిగాడు. "ఆపకు. వాళ్లు చూసి మళ్లీ బందరే పంపిస్తారు. పోనీ." మోపిదేవి దాటింది, చల్లపల్లి దాటింది. నాంచారమ్మ కూతురి పాదాలు తన ఒళ్లో పెట్టుకుని అరచేతులతో రుద్దుతూనే ఉంది. ఎంత రుద్దినా వేడి అంటడం లేదు. దారిలో తల్లి గుళ్లు ఎన్నో వచ్చాయి. ఎప్పుడూ చెయ్యెత్తి దణ్ణం పెట్టే మనిషి ఆ రోజు ఒక్క గుడి వైపూ చూడలేకపోయింది. తలొంచుకుని, తప్పు చేసినదాని లాగా వెళ్లింది.

"పలకరిస్తా ఉండక్కా. పడుకోనీకు," అన్నాడు సాయిబాబు అద్దంలోంచి చూస్తూ.

"సాయీ, తేజస్వినికేం వచ్చిందన్నావే? చెప్పు. రెండూనా?"

"ఊఁ."

"ఏడిపించారా దాన్ని?"

పలుకు లేదు.

బందరు పెద్దాసుపత్రిలో అనుదీప్ అనే కుర్ర డాక్టరు చూశాడు. నాడి పట్టుకున్నాడు, గోరు నొక్కి వదిలి చూశాడు, బీపీ కట్టాడు. కట్టిన పట్టా మళ్లీ ఒకసారి బిగించి చూశాడు. అప్పుడతని ముఖం మారింది. నర్సుకి గబగబా ఏవో చెప్పాడు. రెండు చేతులకీ సూదులు పెట్టి సెలైన్లు ఎక్కించారు.

"ఎన్నాళ్లైంది జ్వరమొచ్చి? ఎప్పుడు తగ్గింది? ఇదివరకు డెంగీ ఏమైనా వచ్చిందా?"

"వచ్చిందండి," అంది నాంచారమ్మ. "చిన్నప్పుడు. మేం అమ్మవారనుకున్నాం. మొన్న కాలేజీలో రక్తం ఇస్తే గుడివాడ అమ్మాయి చూసి, ఫోన్ చేసి చెప్పింది. నేనే ఎవరికీ చెప్పలేదు. పిల్లక్కూడా చెప్పలేదు. దానికేం తెలియదు."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయింది, అవనిగడ్డ డాక్టరమ్మ దగ్గర దాచిన సంగతి కూడా చెప్పేసింది. అతను వింటూనే సెలైన్ చక్రం తిప్పాడు.

"మీరు మొన్న చెప్పి ఉంటే ఇంటికి పంపేవాళ్లు కాదేమో. సరే, ఇప్పుడైనా తెచ్చారు. చూడండమ్మా, రక్తంలో ఉండాల్సిన నీళ్లు నరాల్లోంచి బయటికి కారిపోతున్నాయి. అందుకే రక్తం చిక్కబడి, కాళ్లకీ చేతులకీ అందడం లేదు. మనం పైనుంచి పోస్తున్నాం. ఎక్కువ పోసినా ఇబ్బందే, తక్కువ పోసినా ఇబ్బందే. సాయంత్రం లోపల తిరుక్కోవాలి. ఒంటికి పోసుకుంటే వెంటనే నాకు చెప్పండి. అది వచ్చిందంటే రక్తం లోపలిదాకా అందుతోందన్నమాట."

"తిరుక్కోకపోతేనండి?"

అతను సెలైన్ చక్రం ఇంకోసారి చూశాడు. పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

నాంచారమ్మ స్టూలు మీద కూర్చుంది. సీసాలోంచి చుక్క పడటం చూస్తూ కూర్చుంది. చుక్క ఆలస్యమైతే ఊపిరి ఆగేది. నర్సు వచ్చి రక్తం తీసుకెళ్లేది, చక్రం ఒకసారి పెంచేది, ఒకసారి తగ్గించేది. ఎందుకు పెంచారు, ఎందుకు తగ్గించారు అని అడగాలంటే భయం వేసింది. బంగార్రాజు సముద్రం మీద ఉన్నాడు. అతని ఫోన్ ఇంట్లో పెట్టెలో ఉంది. ఆ వార్డులో ఆమె పక్కన ఎవరూ లేరు. ఆమె మొక్కుకునే తల్లి కూడా ఇప్పుడు తన మొర వింటుందో లేదో తెలియదు. అయినా మొక్కుకుంది. నా నోరు పడిపోయినా సరే, పిల్ల నోరు పలకాలి అని. ఆవిడ కాకపోతే ఇంకెవర్ని అడగాలో ఆమెకి తెలియదు.

మధ్యాహ్నం దాటింది. సాయిబాబు టీ తెచ్చి ఇస్తే చల్లారి మీగడ కట్టేదాకా పట్టుకునే ఉంది. అతను "ఇటివ్వక్కా" అని తీసుకెళ్లి పారబోశాడు. కిటికీ అద్దం మీద ఎండ పచ్చబడి, ఎర్రబడింది.

"అమ్మా."

నాంచారమ్మ ఉలిక్కిపడి లేచింది. సాయిదుర్గ కళ్లు తెరిచి ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"బాత్రూంకెళ్లాలి."

"ఏమన్నావే?"

"అబ్బా, ఒంటికి పోసుకోవాలి. అందరూ వినేట్టు అడుగుతావేంటి."

నర్సు వచ్చి, కొలత చూడాలని ఒక డబ్బా ఇచ్చింది. మంచం మీదే పెడతానంది. పిల్ల ససేమిరా అంది. నర్సు ఆమె నాడి చూసి, కాసేపు ఆలోచించి, ఒక చేతి సెలైన్ ఆపి, రెండో సీసా నాంచారమ్మ చేతికిచ్చింది. "ఎత్తి పట్టుకోండి. కిందికి దించారంటే రక్తం వెనక్కొస్తుంది," అని తను ఒకపక్క పట్టుకుంది. ముగ్గురూ గోడ వెంట నడిచారు. తలుపు అంగుళం తెరిచి ఉంచి, నాంచారమ్మ బయట నిలబడి, సీసా నెత్తి మీదికి ఎత్తి పట్టుకుంది. భుజం లాగేస్తోంది. లోపల ఏ చప్పుడూ లేదు.

తర్వాత డబ్బాలో సన్నగా ధార పడిన చప్పుడు వినిపించింది.

నర్సు చేతి గడియారం చూసుకుంది. "డాక్టరుగారికి చెప్తాను. రేపు కూడా గడవాలి, కానీ ఇది మంచిదే," అంది.

అదే సమయానికి నాంచారమ్మ బొడ్లో ఫోన్ మోగింది. బంగార్రాజు నంబరు. అంటే ఇంట్లోంచి అత్త. ఒంటి చేత్తో తీసి చెవికి పెట్టుకుంది. అవతల ఊపిరి మాత్రం వినబడుతోంది.

"అత్తా, కళ్లు తెరిచింది. ఒంటికి పోసుకుంటోంది. బతుకుద్ది అంటున్నారు."

కాసేపటికి ఏడుపు వినిపించింది. ముసలి గొంతు, పగిలిపోయి, ఆగకుండా. తల్లి తీసుకెళ్లిన బిడ్డ కోసం ఏడవకూడదంటారు. ఏడిస్తే ఆవిడకి కోపమంటారు. ఆ మాట మీద తిరుపతమ్మ అన్నేళ్లూ కంట తడి పెట్టలేదు. ఆ ఏడుపు సాయిదుర్గ కోసం కాదని నాంచారమ్మకి తెలుసు.

"అమ్మా, ఉన్నావా?" అంది లోపలి నుంచి పిల్ల.

"ఉన్నా," అంది నాంచారమ్మ. ఇటు పిల్లకో, ఫోన్లో ఉన్న ఆవిడకో ఆమెకే తెలియలేదు. ఫోన్ పెట్టెయ్యలేదు. చెయ్యి దించలేదు.